అరచేతి కింద మోత

అంబదాసుకు చెవులు సరిగ్గా పనిచేయడం లేదన్న సంగతిని మా గల్లీలో అందరికంటే ముందు పట్టేసింది కుక్కరు. నర్సవ్వ పొయ్యి మీద పప్పు పెట్టి, "కూతలు రాంగనే బందు చెయ్యి" అని మొగుడికి చెప్పి నీళ్ళ టాంకరు దగ్గరికి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి గల్లీ అంతా మాడు వాసన. కుక్కరు గొంతు చించుకుంటూ ఉండేది. ఆయన దాని పక్కనే పీట వేసుకుని ఫోన్ చూసుకుంటూ ఉండేవాడు. మొదటిసారి తిట్టింది, రెండోసారి ఇంకా గట్టిగా తిట్టింది. ఆ తరవాతిసారి తిట్టకుండా గుమ్మంలో నిలబడి ఆయన్నే చూసిందట. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది.

నేను వాళ్ళ పై అంతస్తులో ఉంటాను. సూరత్‌లోని ఉధ్నాలో తెలుగు పిల్లల మున్సిపల్ బడిలో టీచరును. పేరు అనురాధ. నాకు ముక్కు మీదే కోపమని బడిలోనూ గల్లీలోనూ పేరుంది. అంబదాసు మా అమ్మగారి ఊరివాడు, కోరుట్ల పక్క. చుట్టరికం లేకపోయినా నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను. నర్సవ్వ అలా నాకు వదినె అయింది. ఆయన మంచివాడని చెప్పడానికి నేనిది రాయడం లేదు. మంచివాడే. వాళ్ళింట్లో అందరూ మంచివాళ్ళే, నా ఒళ్ళు మండేది అక్కడే.

మీసాలు సరిగా రాకముందే మేనమామ వెంట సూరత్ వచ్చాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. ఆ సాంచెల షెడ్డులో పడ్డవాడు జుట్టు నెరిసేదాకా బయటికి రాలేదు. మీరెప్పుడైనా ఉధ్నాలో సాంచెలు నడిచే షెడ్డు గుమ్మంలో నిలబడ్డారా? పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినిపించదు. అందుకని లోపల ఎవరూ అరవరు. పెదవులు కదుపుతారు, చేతులు ఊపుతారు, కనుబొమలు ఎగరేస్తారు. దారం తెగిందని, చాయ్ వచ్చిందని, సేఠ్ వస్తున్నాడని, పక్క వరసవాడి పెళ్ళానికి కానుపయిందని, అన్నీ అలాగే చెప్పుకుంటారు. అంబదాసు అటు మూల నుంచి ఇటు మూల ఉన్నవాడి పెదవులు చదివి నవ్వేవాడట.

ఇంకో అలవాటు కూడా ఆ షెడ్డులోనే అయింది. సాంచె తేడాగా నడుస్తుంటే మోతను బట్టి పట్టలేరు, చుట్టూ ఉన్నవన్నీ మోగుతూనే ఉంటాయి కదా. అందుకని దాని ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనిస్తారు. అదురు చేతికి తెలుస్తుంది. ఏ భాగం వదులైందో, ఏది అరిగిందో ఆ అదురులోనే చెప్పేస్తారు. మావాళ్ళలో చాలామందికి ఈ అలవాటుంది. ఇంట్లో ఫ్యాను ఆగినా ముందు దాని మీద చెయ్యి పెట్టి చూస్తారు.

తరవాత సేఠ్ పాత సాంచెలను తుక్కు కింద అమ్మేసి నీళ్ళతో నడిచే కొత్త మిషన్లు పెట్టాడు. కొత్తవాటికి కుర్రవాళ్ళు కావాలన్నాడు. అంబదాసు ఎండాకాలమంతా ఇంట్లోనే కూర్చున్నాడు. నర్సవ్వ చీరలకు రాళ్ళు అతికించే పని తెచ్చుకుని చేస్తుంటే, పక్కన కూర్చుని జిగురు కలిపి ఇచ్చేవాడు. గల్లీలోకి రావడం మానేశాడు. అప్పుడు నర్సవ్వ తమ్ముడు ముత్యం వచ్చి ఆయన్ని ఆ పీట మీంచి లేపాడు.

ముత్యం సాంచెల్లో నిలవలేదు. ఆ మోత నావల్ల కాదని చిన్నప్పుడే బయటపడి, రోడ్డు పక్కన గ్యాస్ పైపులకు, కేబుళ్ళకు కాలవలు తవ్వే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడు. చేరి తవ్వేవాళ్ళకు పెద్ద అయ్యాడు. నోరు ఊరుకోదు వాడికి, బావను ఆటపట్టించకపోతే అన్నం అరగదు.

"మోసుడు లేదు, తవ్వుడు లేదు బావా. మిషన్ పట్టుకొని షికారు గొట్టినట్టు నడుసుడే. మా అక్కకు పెండ్లయినకాడి నుంచి నువ్వు చేస్తున్నది గదే గదా" అన్నాడు. అంబదాసు చాలా రోజుల తరవాత నవ్వాడు.

నేలలో ఏముందో తవ్వకముందే చెప్పే పని అది. అంబదాసు దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడు. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఆ రోజు పని గురించి చెప్పేవాడు. ముందు చుట్టూ నడిచి చూడాలట. ఇనుప మూతలు ఎక్కడున్నాయి, కరెంటు డబ్బా ఎటువైపు ఉంది, తారు ఎక్కడ కొత్తగా అతికేశారు, ఏ గోడ మీది మీటరు నుంచి ఏ గొట్టం కిందికి దిగింది. ఆ తరవాతే మిషను. చేతికర్ర అంత పొడవుండే పసుపుపచ్చ మిషనును నేలకు తగిలీ తగలకుండా పట్టుకుని అడ్డంగా, నిలువుగా నడవాలి. కింద కరెంటు పారే తీగ ఉంటే అది కీచుమంటుంది. దగ్గరయ్యేకొద్దీ కీచు పెరుగుతుంది. కరెంటు పారని తీగకో ఇనుప గొట్టానికో అయితే ఇంకో పెట్టె తగిలించి, దాని నుంచి సిగ్నల్ పంపి వెతకాలి. ప్లాస్టిక్ గొట్టాన్ని మిషను పట్టదు, అక్కడ పారతో మెల్లగా మన్ను గీకి చూడటం తప్ప దారి లేదు.

"పైన ఒక్క సూరత్ ఉంటే కింద ఇంకో సూరత్ ఉంది చెల్లె" అనేవాడు. "ఎవ్వడు ఎప్పుడు ఏం పాతిండో ఎవ్వనికి ఎర్క లేదు."

తీగ దొరికినచోట ఎర్ర రంగు కొడతాడు. అక్కడ ముత్యం మనుషులు పారతో తప్ప ముట్టుకోరు. ఏమీ లేని చోట "సాఫ్" అంటాడు. పద్ధతి ప్రకారమైతే సాఫ్ అన్నచోట కూడా మొదటి గుంత పారతో నెమ్మదిగానే తీయాలి. కానీ గట్టి నేల మీద పారతో గీకుతూ కూర్చుంటే పని సాగదని, సాఫ్ అన్నాక గడ్డపార దించడం వాళ్ళకు అలవాటైపోయింది. మొదటి పోటు ఎప్పుడూ ముత్యానిదే. కింద మనుషులకు ఏమైనా అయితే తను చూడలేనని వాడే ముందు దిగేవాడు.

ఒక ఆదివారం అంబదాసు ఆ మిషనును గుడ్డలో చుట్టి మా వరండాలోకి తెచ్చాడు. బొత్తాల మీద అంతా ఇంగ్లీషు, కొంచెం చూసి చెప్పమన్నాడు. మీట నొక్కాడు. మా వరండా గోడలో కరెంటు తీగలున్నాయి కదా, మిషను ఒక్కసారిగా కేక పెట్టింది. నేను రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. కింద ఇంట్లో కుక్క మొరగడం మొదలుపెట్టింది. అంబదాసు నా వైపు ప్రశాంతంగా చూసి అడిగాడు.

"దీనికి ఆవాజ్ పెంచే బటన్ ఏదో జర చూడు చెల్లె. మోగుతుందా ఇప్పుడు?"

వంగి బొత్తాలు చూశాను. అప్పటికే ఆవాజ్ చివరిదాకా పెంచి ఉంది.

"అన్నా, నీకు ఇది వినపడుతలేదా?"

ఆయన నా పెదవుల వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా నా మాట అంత శ్రద్ధగా వింటాడని మురిసిపోయాను, అది శ్రద్ధ కాదని అప్పుడు తెలిసింది. తల దించుకున్నాడు. లావు గొంతులు వినిపిస్తాయట, బస్సు మోత, మేఘం ఉరుము వినిపిస్తాయట. సన్నటివి పోయాయి. కుక్కరు కూత, ఫోన్ మోత, ఈ మిషను కీచు, ఏవీ లేవు. మిషనుకు ఒక చిన్న తెర ఉంది, గీతలు పెరగడం తరగడం చూసి చెప్పవచ్చు, కానీ ఎండలో అది కనిపించదు.

"మరి ఇన్ని రోజులు ఎట్ల చేసినవ్?"

"గిట్ల" అన్నాడు. మిషను పిడి కింద మోత వచ్చే చిన్న చిల్లులున్నాయి. వాటిని కప్పేస్తూ అరచెయ్యి అదిమి పెట్టాడు. "అదురు చేతికి తెలుస్తది. సాంచె లెక్కనే." కళ్ళు మూసుకుని మిషనును గోడ వెంట జరిపాడు. తీగ ఉన్నచోట సరిగ్గా ఆగి తల ఊపాడు. ఇంకోచోట ఆగాడు, అక్కడా తీగ ఉంది. చెయ్యి అడ్డం పడటంతో కీచు అణిగిపోయి నా చెవులకు ప్రాణం లేచొచ్చింది.

చూడటానికి బాగానే ఉంది. కానీ నాకు నమ్మకం కుదరలేదు. "ఇది మా వరండా అన్నా. రోడ్డు మీద లారీలు పోతుంటే నీ చేతికి ఏ అదురు ఏదో ఎట్ల తెలుస్తది? నీ మాట మీద ముత్యం గడ్డపార ఏస్తడు. సూపర్‌వైజరుకు చెప్పు. ఇంకో పని ఏదన్న ఇయ్యమను" అన్నాను. ఆయన మిషనుకు గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు.

"మల్ల ఇంట్ల కూసుండబెట్టకు చెల్లె" అన్నాడు.

నేను తిట్టాను. బామ్మర్ది ప్రాణంతో ఆడుకుంటున్నావన్నాను. అంతకన్నా కటువుగా కూడా అన్నాను. ఆయన అన్నీ నా పెదవుల మీద చదువుకుని, మిషను భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

నేను అక్కడితో వదిలే రకం కాదు. అదే రోజు నర్సవ్వను పిలిచి అంతా చెప్పాను. కుక్కరు కథ ఆమె నాకు చెప్పింది అప్పుడే. మొగుడి పని పోకూడదు, తమ్ముడికి ఏమీ కాకూడదు. రెండు వైపులా తనవాళ్ళే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉండిపోయింది. చివరికి తమ్ముడికి చెప్తానంది.

ముత్యం అన్నానికి వచ్చినప్పుడు డాబా మీద, నా ఎదుటే చెప్పింది. వాడు విని పకపకా నవ్వాడు.

"నాకు ఎర్కే అక్కా. సాంచెలల్ల చేసినోల్లల్ల సగం మంది గంతే. నేను బావ పక్కకే నిలవడుతున్న గదా. అది మోగితే నాకు ఇనవడ్తది. ఇనవడ్డకాడ నేనే ఏదో ఒకటి చెప్పి ఆపుత. మొన్న బార్డోలీల గట్లనే ఆపిన. బావ ఇంకా జర ముందలికి పోతుండె, ఉండు బావా బీడీ తాగుదామని ఆపిన. మల్ల ఎనుకకు వచ్చి చూసుకొని ఎర్ర రంగు కొట్టిండు."

"అయితే ఆ మాట ఆయనకే చెప్పరాదూ? నీకు వినపడదని నాకు తెలుసు, నేను వింటానని చెప్పు. ఇద్దరూ కలిసి చేసుకోండి" అన్నాను.

ముత్యం నవ్వు ఆపేశాడు. "చెప్తే బావ తెల్లారి పనికి రాడు టీచరమ్మా. మీకు ఎర్క లేదు ఆయన సంగతి. బామ్మర్ది దయ మీద బతుకుతున్న అనుకుంటడు. చెప్పకుంట నడిస్తే మంచిగనే నడుస్తది. మీరు జర ఊకోన్రి."

నేను ఊరుకోలేదు. ఇదెక్కడి మర్యాదరా, ఒకరి గుట్టు ఒకరికి తెలిసీ దాచుకోవడమేమిటని దులిపేశాను. నర్సవ్వ మాత్రం అంతకుముందు లేని తేటదనంతో తమ్ముడికి ఇంకో ముద్ద వడ్డించింది. వినే చెవులు రెండు పక్కనే ఉన్నాయని ఆమెకు ధైర్యం వచ్చింది. అలా కొన్ని నెలలు నడిచింది కూడా. అంబదాసు అరచేత్తో వింటున్నాడు, ముత్యం పక్కన నిలబడి చెవులతో వింటున్నాడు, ఒకరికొకరు చెప్పుకోలేదు.

సూరత్‌లోనే ఆల్థాన్‌లో అపార్ట్‌మెంట్ల వెనక రోడ్డులో గ్యాస్ పైపుకు కాలవ తవ్వే పని వచ్చింది. నేనక్కడ లేను. అంబదాసు చెప్పినదాన్ని, ముత్యం తరవాత చెప్పినదాన్ని, వాళ్ళతో తవ్వే ఒక దాహోద్ కూలీ నర్సవ్వకు చెప్పినదాన్ని కలిపి చెబుతున్నాను.

పొద్దున అంతా సవ్యంగానే జరిగింది. అంబదాసు మూతలు చూశాడు, డబ్బాలు చూశాడు, పెద్ద బిల్డింగులోకి పోయే కేబుల్ పట్టుకుని దాని వెంట ఎర్ర రంగు కొట్టాడు. మధ్యాహ్నం మిట్ట ఎండలో రెండో ముక్కకు వచ్చారు. అక్కడ ఇంకో కేబుల్ ఉంది. వెనకాల కట్టిన దుకాణాలకు ఎవరో రోడ్డుకు అడ్డంగా, ఇసుక పోయకుండా, ఇటుక పేర్చకుండా జానెడు లోతులో పాతేశారు. దానికి పైన మూత లేదు, డబ్బా లేదు, తారు మీద అతుకు కూడా లేదు. దాన్ని పట్టాలంటే మిషను ఒక్కటే దిక్కు.

సరిగ్గా అప్పుడే పక్క ముక్కలో తారు రోడ్డు వేసేవాళ్ళ రోలరు వచ్చింది. అది నడుస్తుంటే కాళ్ళ కింద నేల కూడా అదురుతోంది. రోలరువాడు మీ ముక్క ఎప్పుడు ఖాళీ చేస్తారని అరుస్తున్నాడు. సూపర్‌వైజరు రవీంద్ర ఫోన్‌లో ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటూ, కానివ్వండి కానివ్వండి అని చెయ్యి ఊపుతున్నాడు. అంబదాసు మిషను పట్టుకుని నడిచాడు. తెర మీద ఎండ తప్ప ఏమీ కనిపించలేదు. అరచెయ్యి చిల్లుల మీద అదిమి పెట్టాడు. చేతికి అదురు తెలుస్తూనే ఉంది, అడుగడుగునా ఒకటే అదురు. అది రోలరుదని అనుకున్నాడు. చాలావరకు దానిదే.

ముత్యం పక్కనే నిలబడ్డాడు. మామూలు రోజుల్లో ఆ చెయ్యి అడ్డమున్నా కీచు సన్నగా బయటికి వచ్చేది, వాడు పట్టుకునేవాడు. ఆ రోజు రోలరు మోతలో వాడికేమీ వినిపించలేదు. మిషను మోగడం లేదనుకున్నాడు. బావ వైపు చూశాడు.

"సాఫ్" అన్నాడు అంబదాసు.

ముత్యం గడ్డపార ఎత్తి వేశాడు.

"ఆ మోత మాత్రం నాకు మంచిగ ఇనవడ్డది చెల్లె" అన్నాడు అంబదాసు నాతో తరవాత. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నేను చూడలేకపోయాను.

నిప్పు పైకి లేచిందట, పగలే కళ్ళు బైర్లు కమ్మాయట. ముత్యం వెనక్కి పడ్డాడు. రోలరువాడు బండి ఆపేశాడు. అంబదాసు మిషను వదిలేసి వాడి మీదికి పరిగెత్తాడు. వదిలేసిన మిషను అక్కడే, ఆ కేబుల్ మీదే పడి గొంతు చించుకుంటూ ఉందట. మంటకు ఆ దుకాణాల కరెంటు పోయేదాకా అది ఆగలేదు. తవ్వేవాళ్ళు విన్నారు. రవీంద్ర కూడా విన్నాడు.

ముత్యం బతికాడు. చేతులు రెండూ మోచేతుల దాకా కాలాయి, కుడిచేతి వేళ్ళు ఎన్ని మిగులుతాయో చెప్పలేమన్నారు. మొహమంతా కాలింది. కళ్ళు మాత్రం, గడ్డపార వేసేటప్పుడు మొహం తిప్పుకునే అలవాటు వల్ల, పోలేదు. పెద్ద ఆసుపత్రిలో కాలినవాళ్ళ వార్డులో వేశారు. మొహానికి కళ్ళు, ముక్కు దగ్గర తప్ప అంతా కట్టు. నర్సవ్వ మంచం కాళ్ళ వైపు నేల మీద కూర్చుని తమ్ముడి పాదాలు పట్టుకుని ఉండేది. ఆమె భయం లేకుండా ముట్టుకోగలిగింది అక్కడే.

రవీంద్రకు ఒక లెక్క కుదిరింది. మిషను మోగుతోంది, తను స్వయంగా విన్నాడు. మిషను బాగానే ఉంది. మిషను మోగుతున్నా గడ్డపార వేశాడంటే ముత్యం తప్పు. తన తప్పుతో కాలినవాడికి కంపెనీ వైద్యం చేయించదు, మళ్ళీ పనిలోకి తీసుకోదు. ఇది రవీంద్ర వార్డు బయట నిలబడి, నొచ్చుకుంటూనే, నాకూ నర్సవ్వకూ చెప్పాడు. అంబదాసును అడిగాడు, కాకా, మిషను మోగిందా లేదా, నువ్వు ఆపమని చెప్పావా లేదా అని. అంబదాసు నీళ్ళు నమిలాడు. లోపలికి వచ్చి ముత్యాన్ని హిందీలో అడిగాడు. వాడు కట్టు లోపలి నుంచి, "నేనే తొందరపడ్డ సాబ్" అన్నాడు.

 బావ పని పోకూడదని వాడు తప్పు తన మీద వేసుకుంటున్నాడు. నర్సవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని నొక్కింది, మాట్లాడవద్దని. అంబదాసు వైపు చూశాను. ముత్యం ఏమన్నాడో ఆయనకు తెలియదు. పెదవులు కట్టు కింద ఉన్నాయి కదా. ఏదో అన్నాడని మాత్రం తెలిసి తల ఊపాడు. రవీంద్ర దాన్ని ఒప్పుకోలు కిందే తీసుకున్నాడు. మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి నేను ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. ఆయన అన్నం ముట్టలేదు. నర్సవ్వ ఆయనతో మాట్లాడలేదు. ఆమె ఏమని మాట్లాడుతుంది? నిజం చెప్పమంటే మొగుడు వీధిన పడతాడు. చెప్పవద్దంటే తమ్ముడు, రెండు చేతులూ కాలిన తమ్ముడు, ఏ దిక్కూ లేకుండా పోతాడు. తెల్లారి అన్నం డబ్బా కట్టుకుని ఆసుపత్రికి నడిచింది. ఆయన వెనకాలే నడిచాడు.

రవీంద్ర మళ్ళీ వచ్చిన రోజు నేనూ ఉన్నాను. బడికి సెలవు పెట్టి వెళ్ళాను. నర్సవ్వ, నేను, రవీంద్ర వార్డు గుమ్మం దగ్గర ఉన్నాం. అంబదాసు ముత్యం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముత్యం ఏదో అన్నాడు. అంబదాసు ముందుకు వంగి, "ఆఁ, ఆఁ" అని తల ఊపాడు. ముత్యం మళ్ళీ అన్నాడు. "ఆఁ, గంతే, గంతే" అన్నాడు అంబదాసు, వాడి పాదం నిమిరి. ముత్యం మూడోసారి ఇంకొంచెం గట్టిగా అన్నాడు. అంబదాసు కళ్ళు తుడుచుకుని మళ్ళీ తల ఊపాడు.

పక్క మంచం దగ్గర కొడుకుకు కాపలా ఉన్న ముసలామె ఇక ఉండబట్టలేక వాళ్ళ భాషలో కసిరింది. "అరె కాకా, పాణీ మాంగే ఛే. ఎప్పటి నుంచో నీళ్ళు అడుగుతున్నాడు."

ఆ మాట ఆమె పెదవుల మీద చదివాడు అంబదాసు. ముత్యం వైపు తిరిగాడు. గ్లాసులో చెంచా వేసి, కట్టు సందులోంచి నీళ్ళు పోయబోయాడు. సగం నీళ్ళు దిండు మీద పడ్డాయి. నర్సవ్వ పరుగున వెళ్ళి చెంచా అందుకుంది. అంబదాసు లేచి, వార్డు మధ్యలో నిలబడి, రవీంద్రతో హిందీలో చెప్పాడు. తన గొంతు తనకు సరిగా వినిపించదు కనుక వార్డంతా వినేలా చెప్పాడు.

"సాబ్, మిషన్ మోగింది. నాకే వినిపించదు. సాంచెల్లో చెవులు పోయాయి, మీకు చెప్పలేదు. సాఫ్ అన్నది నేను. ముత్యం తప్పేమీ లేదు."

 దానికి రవీంద్ర అన్నది న్యాయంగానే ఉంది. "నీకు వినిపించదు సరే కాకా. ముత్యం నీ పక్కనే నిలబడ్డాడు కదా. అతని చెవులు బాగానే ఉన్నాయి. అతను విని ఉండాలి కదా."

 ముత్యం కట్టు కింద ఏదో గొణిగాడు. అంబదాసు నా వైపు తిరిగాడు. "ఏమన్నడు చెల్లె?"

నేను ఆయనకు ఎదురుగా నిలబడి, పెదవులు నెమ్మదిగా కదుపుతూ చెప్పాను. "నీకు వినపడదని వానికి ముందు నుంచే తెలుసంటుండు అన్నా."

"ఎప్పటిసంది?"

జవాబు నర్సవ్వ చెప్పింది. చెంచా చేతిలోనే ఉంది, మొగుడి మొహంలోకి చూస్తూ చెప్పింది. "నేను చెప్పకముందు నుంచే ఎర్క వానికి. గందుకే రోజు నీ పక్కకు నిలవడుతుండె. నీ బదులు వాడు ఇంటుండె. నువ్వు చిన్నబుచ్చుకుంటవని నీకు చెప్పలే."

అంబదాసు ఆమెను చూశాడు, కట్టులో ఉన్న ముత్యాన్ని చూశాడు. కూర్చోవడానికి స్టూలు కోసం వెనక్కి చెయ్యి చాచాడు, అది అందలేదు. నేల మీదే కూర్చుండిపోయాడు.

"ఇంటుండెనా" అన్నాడు. "ఎట్ల ఇంటడు నర్సవ్వా. నేను దాని చిల్లుల మీద చెయ్యి మూసి పట్టుకుంటి గదనే."

తెలుగు రాని రవీంద్ర, ఆయన ఏమంటున్నాడని నన్ను అడిగాడు. నేను హిందీలో చెప్పాను.